ఫిల్టర్ బిగించిన ఆదివారం

నా చిన్నప్పుడు చప్పుడు తగ్గిందంటే మంచిదే అనుకునేదాన్ని. మా చిక్కడపల్లి గల్లీలో పెరిగిన వాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. ఇంటికి ఎడమపక్క పిండి గిర్ని, కుడిపక్క కడుతున్న మేడ, ఎదురుగా స్కూటర్లు బాగుచేసే షెడ్డు. వంటింట్లోంచి మా అమ్మ పిలిస్తే ముందుగదిలో ఉన్న నాన్నకు వినబడేది కాదు. వినబడినా వినబడలేదనే అనేవాడు, అది వేరే సంగతి. ఇప్పుడు నాకు అరవై దాటాయి. అయినా ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతే నా గుండె ఇప్పటికీ ఝల్లుమంటుంది. ఎందుకో చెప్పాలంటే ఆ ఆదివారం సంగతి చెప్పాలి.

మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, మాతోనే ఉండేది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళకు టీ ఇచ్చి పంపించేది. మిద్దె మీద రేకుల గది ఆమెది. అందులో ఆమె హ్యామ్ రేడియో ఉండేది. సర్కారు పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే ఇంట్లోనే చిన్న రేడియో స్టేషను పెట్టుకుని, అలాంటి లైసెన్సున్న వాళ్ళతో ఎక్కడివాళ్ళతోనైనా మాట్లాడొచ్చు. మా అత్తమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ మద్రాసు ఆయనతోనూ, నాగపూరు ఆయనతోనూ అక్కడ ఎండెలా ఉంది, వానెలా ఉంది అని మాట్లాడేది. గల్లీలో సగంమంది ఆమెకు కొంచెం తిక్క అనేవాళ్ళు. మిగతా సగంమంది కొంచెం కాదు అనేవాళ్ళు.

మాట పంపే సెట్టును ఆమె సొంతంగా చేసుకుంది. మాట వినే రిసీవర్ మాత్రం మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసినది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. దాని ముఖం నిండా నాబ్‌లే. వాటిలో కింద ఎడమపక్క ఉన్న ఒక్క నాబ్ అంటే నాకు మహా మోజు. అది ఫిల్టర్ నాబ్. కుడివైపు మొత్తం తిప్పి ఉంచితే గిర్ని మోటారు గర్జన, స్కూటర్ల టపటపలు, ఎక్కడో మెరిసిన మెరుపు గరగర, అన్నీ మాటతోపాటు స్పీకర్లోంచి గదిలోకి వచ్చేసేవి. ఎడమవైపు ఒక్కో మెట్టు తిప్పుతుంటే ఒక్కో చప్పుడూ పోయేది. చివరి మెట్టులో ఒక్క గొంతే మిగిలేది, కుండలోంచి మాట్లాడినట్టు ఉన్నా శుభ్రంగా మిగిలేది. నాకది గారడీలా ఉండేది. ఈ నాబ్ ఒక్కటి మా గల్లీకి కూడా పెడితే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

నాబ్‌లు ముట్టుకోకూడదు, గదిలో కూర్చోవచ్చు, మధ్యలో మాట్లాడకూడదు అని అత్తమ్మ నాకు షరతులు పెట్టింది. మూడో షరతు నాకు చాలా కష్టం. ఆమె ఒక పుస్తకంలో ఎవరితో ఏ పూట మాట్లాడిందో రాసుకునేది. ఎవరినైనా పిలిచి జవాబు రాకపోతే ఆ పేరు పక్కన ‘వినబడలేదు’ అని రాసేది. పేజీలకు పేజీలు అదే మాట. ఒకసారి ఆమె చెయ్యి నొప్పి పుడుతుందని జాలిపడి నేనే ‘లేరు’ అని రాసి పెట్టాను. ఆమె దాన్ని కొట్టేసి మళ్ళీ ‘వినబడలేదు’ అని రాసింది. రెండక్షరాలతో అయ్యేదానికి ఆరక్షరాలు ఎందుకో నాకర్థం కాలేదు. ఫిజిక్స్ చదివినవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

కుడిపక్క కడుతున్న మేడ దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు పనిచేసేవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. అశోక్‌నగర్ నాలా ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్ళు. నేను ఒకామెను పెద్దక్క అని, ఇంకొకామెను చిన్నక్క అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం మా నల్లా దగ్గర చేతులు కడుక్కుని, మా మెట్ల మీద కూర్చుని సద్ది తినేవాళ్ళు. పెద్దక్క ఊరికి పోయి వస్తే నా కోసం సీతాఫలాలు కొంగులో కట్టుకుని తెచ్చేది. మా అమ్మ కూడా నాకు అంత లెక్కగా మగ్గిన పండు ఏరి పెట్టలేదు. చిన్నక్కకు అప్పుడు ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడూ చంకలో ఏడాది పిల్ల ఉండేది. తట్ట మోసేటప్పుడు పిల్లను మా గుమ్మంలో దింపి, దానికి బొమ్మలు లేవని చేతికున్న ఆకుపచ్చ గాజులు గలగలలాడించి నవ్వించేది.

వాళ్ళ భర్తలు అన్నదమ్ములు. ఒక మేస్త్రి వెంట కోస్తా వైపు కాలువ తవ్వే పనికి వెళ్ళి నాలుగు నెలలైంది. అక్కడ తుఫాను వచ్చింది. రేడియో వార్తల్లో మునిగిన ఊళ్ళ పేర్లు చదువుతుంటే, ఆ కాలువ ఉన్న ఊరు కూడా అందులో ఉంది. తీగలు తెగిపోయాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. మేస్త్రి ఇంటికి వెళ్ళి అడిగితే తాళం వేసి ఉంది. మూడు రోజులు ఆ ఇద్దరూ తట్టలు మోస్తూనే ఉన్నారు గానీ, మా మెట్ల మీద కూర్చుని సద్ది మూట విప్పలేదు.

నాలుగోరోజు సాయంత్రం అత్తమ్మ మిద్దె దిగి పరుగున వచ్చింది. విజయవాడ దగ్గరి హ్యామ్ ఒకాయన, తన చేత్తో చేసుకున్న సెట్టునూ ఒక లారీ బ్యాటరీనీ పడవలో పెట్టుకుని ముంపు ఊళ్ళకు చేరాడట. ఒక బడిలో తలదాచుకున్న వాళ్ళ దగ్గర ఉన్నాడట. పాలమూరు కూలీలున్నారా అని అత్తమ్మ అడిగితే, నలభైమంది దాకా ఉన్నారని, మర్నాడు ఆదివారం పది గంటలకు అందరి పేర్లూ చదువుతానని చెప్పాడట. ఆ మాట చెప్పగానే పెద్దక్క తట్ట దింపి, నేల మీద కూర్చుండిపోయింది.

ఆదివారం పెద్దక్క ఒక్కతే వచ్చింది. చిన్నక్క పిల్లకు జ్వరం, అందుకని గుడిసె దగ్గరే ఉండిపోయింది. ఇద్దరి పేర్లూ విని రమ్మని అక్కను పంపింది. పేర్లు కాగితం మీద రాసుకుందామని నేను పెన్సిలు పట్టుకుంటే పెద్దగొడవే అయింది. మరిది పేరు పెద్దక్క గడగడా చెప్పింది. తన భర్త పేరు మాత్రం చెప్పదు. భర్త పేరు నోటితో అనకూడదని వాళ్ళ పట్టింపు. మా దిక్కు జాతర జరుగుతది చూడు, ఆ గుట్ట మీది దేవుని పేరే అంది. ఏ జాతరో, ఏ గుట్టో, అత్తమ్మ నాలుగైదు పేర్లు అడిగితే చివరికి ఒక పేరుకు తల ఊపింది. ఆ సిగ్గులోనే కొంచెం నవ్వింది కూడా.

తొమ్మిదిన్నరకు ఆ బడిలోంచి ఆయన గొంతు వచ్చింది. పేర్ల కంటే ముందు ఇంకో పని పడింది. అక్కడ పాము కాటుకు మందు లేదు, వెంటనే పై అధికారులకు చెప్పండి అన్నాడు. మాకు ఫోను లేదు. నారాయణగూడ చౌరస్తాలో మందుల దుకాణం వాళ్ళ ఫోను అత్తమ్మకు వాడుక. పదింటికల్లా వచ్చేస్తానంది. రాలేకపోతే వచ్చిన పేరు వచ్చినట్టు రాయమంది, అర్థం కానిచోట గీత పెట్టమంది, నాబ్‌లు ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది. తర్వాత తెలిసింది, ఆమెకు లైను దొరకడానికి ముప్పావుగంట పట్టిందని.

పది కొట్టింది. ఆమె రాలేదు. ఆయన మొదలుపెట్టాడు. ఒక్కో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు పేరు, నిదానంగా చదువుతున్నాడు. నేను రాస్తున్నాను. పెద్దక్క గడప దగ్గర మోకాళ్ళు ముడుచుకుని, స్పీకరు వైపు చూస్తూ కూర్చుంది. మూడు పేర్లు రాశానో లేదో, గిర్నివాడు మోటారు వేశాడు. స్పీకరు గర్రుమంది. పేర్లు ఆ గర్జనలో ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. పెద్దక్క నా వైపు దీనంగా చూసింది.

ఆ చూపు చూశాక నా చెయ్యి ఆగలేదు. ఆగలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆమె ముందు నా గొప్ప చూపించుకోవాలని కూడా ఉంది. ఫిల్టర్ నాబ్ పట్టుకుని ఎడమవైపు తిప్పాను. ఒక మెట్టు, రెండు, మూడు, చివరిదాకా. గిర్ని మాయమైంది. గరగర మాయమైంది. ఆయన గొంతు ఒక్కటే, చిన్నదిగా, శుభ్రంగా మిగిలింది. పెద్దక్క నా నెత్తి మీద చెయ్యిపెట్టి నిమిరింది. నాకు ఆకాశం అందినట్టయింది. ఇంకో నాలుగు పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ఆ తర్వాత ఆయన గొంతు కొంచెం మొద్దుబారింది. ఇంకాస్త దూరం జరిగింది. ఆగిపోయింది. స్పీకర్లో ఏ చప్పుడూ లేదు. నేను పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాను. పెద్దక్క స్పీకరు వైపే చూస్తోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు గడిచినా ఏమీ రాలేదు.

“అయిపోయిందా బిడ్డా?” అని అడిగింది పెద్దక్క.

నేను కాగితం చూశాను. మొత్తం ఏడు పేర్లు. వాటిలో ఆ రెండూ లేవు. నలభైమంది అన్నది నాకు గుర్తే రాలేదు. క్లాసులో టీచరు అడిగితే టక్కున జవాబు చెప్పే పిల్లను నేను. అలాగే చెప్పాను.

“అయిపోయింది. ఇద్దరి పేర్లు లేవు.”

ఆమె ఏడవలేదు. లేచి, కొంగు తల మీదికి లాక్కుని, మెట్లు దిగింది. నాలుగైదు మెట్లు దిగి ఉంటుంది. గోడకు ఏదో ఠపీమని కొట్టిన చప్పుడు, వెంటనే ఇంకోటి, గాజులు రాలిన చప్పుడు. నేను వెళ్ళి చూస్తే మెట్ల నిండా ఆకుపచ్చ గాజు ముక్కలున్నాయి. గోడ సున్నం మీద రెండు చోట్ల రక్తం. గల్లీ మలుపు దగ్గర ఆమె వీపు ఒక్క క్షణం కనబడి పోయింది. అప్పటిదాకా నేను చెప్పిన జవాబు తప్పయితే టీచరు ఒక మొట్టికాయ వేసేది, అంతకు మించి ఏమీ జరిగేది కాదు. నోటి మాటకు ఒక మనిషి చేతులు అలా అవుతాయని నాకు తెలియదు.

అత్తమ్మ మెట్ల మీద గాజులు చూసి గదిలోకి వచ్చింది. నా ముఖం చూసింది. స్పీకరు ఎంత నిశ్శబ్దంగా ఉందో విన్నది. నేరుగా రిసీవర్ దగ్గరికి పోయి ఫిల్టర్ నాబ్ చూసింది. దాన్ని కుడివైపు మొత్తం తిప్పేసింది.

గిర్ని, స్కూటర్లు, మెరుపులు, లోకంలోని చప్పుడంతా ఒక్కసారి మీద పడింది. ఆ చప్పుడు అడుగున, మేము వింటున్న చోటుకు కొంచెం పక్కగా, ఒక మనిషి పేర్లు చదువుతున్నాడు.

ఆయన ఆగలేదు. నేను నిశ్శబ్దం అనుకున్న ఆ పది నిమిషాల్లోనూ ఆయన చదువుతూనే ఉన్నాడు. ఒకసారి అంతా చదివి, ఇప్పుడు రెండోసారి చదువుతున్నాడు. లారీ బ్యాటరీ దిగిపోతున్న కొద్దీ ఆయన సొంతంగా చేసుకున్న సెట్టు తన చోటు నుంచి పక్కకు జరిగింది. నేను బిగించిన ఫిల్టర్‌లో ఆ పక్కకు చోటు లేదు. గిర్నిని బయట పెట్టినట్టే, నలభైమందిలో మిగతా మనుషుల్ని కూడా బయట పెట్టాను. అత్తమ్మ పెద్ద డయలును వెంట్రుకవాసి తిప్పి ఆయన్ని పట్టుకుంది, తర్వాత ఫిల్టర్‌ను ఒక్క మెట్టు బిగించింది, గొంతు పోకుండా చూసుకుని ఇంకొక మెట్టు బిగించింది, అక్కడ ఆపింది. ఒక చేత్తో డయలు, ఒక చేత్తో పెన్సిలు. అప్పుడు వచ్చింది ఆ గుట్ట మీది దేవుడి పేరు. తండ్రి పేరు, పాలమూరు పక్క ఊరి పేరు.

నేను లేచి పరుగెత్తాను. అత్తమ్మ పెన్సిలున్న చెయ్యెత్తి ఆగమంది. నేను చూశాను, అయినా ఆగలేదు. చెప్పుల్లేకుండా ఆ గాజుల మీదుగా మెట్లు దిగాను. అరికాల్లో ముక్క దిగిన సంగతి అప్పుడు తెలియలేదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఎలా దాటానో, ఎవరి సైకిలుకు అడ్డం పడ్డానో గుర్తులేదు. అశోక్‌నగర్ వీధుల్లో పడి నాలా దాకా ఒకటే పరుగు. ఆమె ఏమైనా చేసుకుంటుందేమో, నేను పోయేసరికే ఏమైనా అయిపోయి ఉంటుందేమో అని ఏడుస్తూ పరుగెత్తాను.

గుడిసె ముందు ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. మధ్యలో పెద్దక్క. నుదుట బొట్టు లేదు, చేతులకు ఎవరో తడిగుడ్డలు చుట్టారు. కొంచెం అవతల చిన్నక్క గోడకు ఆనుకుని, జ్వరం పిల్లను గుండెకు అదుముకుని, రెప్ప వేయకుండా కూర్చుంది. ఆమె చేతులు పిల్ల చుట్టూ ఉండబట్టి గాజులు ఇంకా ఉన్నాయి.

నేను పెద్దక్క ముందు కూలబడ్డాను. ఊపిరి అందడం లేదు. “మీ ఆయన ఉన్నడు పెద్దక్క. పేరు వచ్చింది. నేను తప్పు చెప్పిన” అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు నా ముఖాన్ని ఆ గుడ్డలు చుట్టిన చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది, నవ్వింది, నా చెంపలకు రక్తం అంటింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నాకు బతికినట్టయింది. నా తప్పు దిద్దుకున్నాను, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది. ఒళ్ళు కాలుతున్న పిల్లతో చిన్నక్క నా ముందు నిలబడింది.

“మరి ఈ పిల్ల నాయన పేరు?” అంది.

నేను నోరు తెరిచాను. ఆ పేరు నేను వినలేదు. ఒక పేరు వినగానే మిగతావాటికి చెవులు మూసుకుని పరుగెత్తాను. నాబ్ లేకుండానే రెండోసారి అదే పని చేశాను. పొద్దున తెలియక చేశాను. ఇప్పుడు అత్తమ్మ చెయ్యెత్తి ఆగమన్నాక చేశాను. చిన్నక్క నా పెదవుల వైపే చూస్తోంది. ఆ చూపు ముందు నిలబడటం కంటే నాలాలో దూకడం నయం అనిపించింది. అప్పుడు మాత్రం లేదని అనలేదు, ఉందనీ అనలేదు. తల దించుకున్నాను.

కాసేపటికి అత్తమ్మ వచ్చింది. వానకు తడిసిన సందులో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది. ఒక రాయి మీద కూర్చుని, అందరి పేర్లూ మొదటినుంచీ చదివింది. ఆ గుడిసెల వాళ్ళ మనుషులు ఇంకో ముగ్గురు కూడా ఉన్నారు ఆ పేర్లలో. నేను వాళ్ళ సంగతే ఎరగను. ఒక్కో పేరుకూ ఒక్కో మూల నుంచి ఏడుపు లేచింది. చిన్నక్క మాత్రం చివరి పేరు దాకా నిలబడే వింది. ఆ పేరు రాలేదు.

ఒక ముసలామె శోకం ఎత్తుకుంటూ చిన్నక్క ముంజేయి పట్టుకోబోయింది. అత్తమ్మ గబుక్కున లేచి ఆ చేతిని ఆపింది.

“లేడని నేను చెప్తలేను. నేను విన్నయి రాసిన. ఆ పేరు నాకు వినబడలేదు, అంతే. ఇంకో బడి ఉండొచ్చు, ఇంకో ఊరు ఉండొచ్చు. రేపు మళ్ళ వింట.”

చిన్నక్క ఆ మాటను పట్టుకుంది. నేను చూస్తుండగా పట్టుకుంది. తల ఊపి, పిల్లను భుజాన వేసుకుని లోపలికి పోయింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ నా అరికాల్లోంచి గాజు ముక్క తీసి పసుపు పెట్టింది. తిడుతుందని చూశాను, తిట్టలేదు. ఆ తిట్లేవో తిట్టేస్తే బాగుండునని ఏడ్చాను. నన్ను మిద్దె మీదికి తీసుకుపోయి రిసీవర్ ముందు కూర్చోబెట్టి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఆ ఫిల్టర్ నాబ్ మీద పెట్టింది. మొదట మొత్తం తెరిచి వినాలి అంది. చప్పుడెంత ఉన్నా ఓర్చుకోవాలి. మనిషి ఎక్కడున్నాడో తెలిశాకే బిగించాలి, కొంచెం కొంచెంగా బిగించాలి, మాట పోతే చప్పున మళ్ళీ తెరవాలి. తలుపు సందు చేసి పెడితే దుమ్ము తక్కువే వస్తుంది గానీ, గుమ్మానికి ఎదురుగా నిలబడ్డవాడే కనిపిస్తాడు, పక్కకు నిలబడ్డవాడు పిలిచి పిలిచి పోతాడు అంది. తర్వాత ఆ పుస్తకం తెరిచి, నేను ‘లేరు’ అని రాసిన చోటు వెతికి చూపించింది. పుస్తకం మూసింది.

పెద్దక్క భర్త పన్నెండు రోజులకు వచ్చాడు. తమ్ముడు తన చెయ్యి పట్టుకునే ఉన్నాడని, ఒక కెరటం వచ్చాక చేతిలో చెయ్యి లేదని చెప్పాడు. అత్తమ్మ నెలరోజుల పాటు రోజూ పొద్దున ఆ పేరు పలికి, కోస్తాలో వినే ప్రతి హ్యామ్‌నూ అడిగింది. రోజూ ఒకటే మాట రాసింది. చిన్నక్క రోజూ పనిలోకి వస్తూ తల ఎత్తి మిద్దె వైపు చూసేది. అత్తమ్మ తల అడ్డంగా ఊపేది. ఆ ఇద్దరి మధ్య అంతకు మించి మాట లేదు. మేడ పూర్తయ్యాక వాళ్ళు ఇంకో పనికి, అంబర్‌పేట వైపో ఎటో పోయారు.

చాలా ఏళ్ళ తర్వాత, పెద్దతనంలో, అత్తమ్మ ఒకరోజు తనంతట తానే ఆ మాట ఎత్తింది. నువ్వు చెప్పిన అబద్ధానికి ఒకామె చేతులు పగిలాయి, ఆ దుఃఖం గంటలో తీరిపోయింది అంది. నేను చెప్పిన నిజానికి ఇంకొకామె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో అంది. నేను ఉలిక్కిపడ్డాను. అంత తూచి మాట్లాడే మనిషి ఇన్నేళ్ళు ఆ ఒక్క మాటను మోసిందని నాకు తెలియదు. అలా అనకు అత్తమ్మా అన్నాను, అంతకంటే ఏం చెప్పాలో తెలియక.

అత్తమ్మ పోయాక రిసీవర్ నాకొచ్చింది. నేనూ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. మొన్న వానాకాలంలో అశోక్‌నగర్ వెళ్ళాను. ఇప్పుడక్కడ గుడిసెలు లేవు. ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, సంచులు తగిలించుకుని ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు. ఒక స్టడీ హాలు ముందు బండి మీద ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతున్న ముసలామె పొట్లం చేతికిచ్చింది. ఆమె ముడతల చేతులకు మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. ఆమె ముఖంలోకి చూశాను, చిన్నక్క.

నేను ఎవరో చెప్పాను. చాలాసేపు చూసి గుర్తుపట్టింది. రేడియో అమ్మ ఉన్నదా అని అడిగింది. లేదు, పోయింది అన్నాను. మా అక్క కూడా పోయింది అంది. కూతురికి మనవలు కూడా అయ్యారట. గా డబ్బా ఏమైంది అంటే, నా దగ్గరే ఉంది, రోజూ పొద్దున వింటాను అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగింది. బండి చుట్టూ ఉన్న పిల్లల్ని ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

“ఆయన పేరు చెప్పెటోళ్ళు ఎవ్వరు మిగల్లే. అందుకే నేనే చెప్తున్న. రాసుకో” అని ఆ పేరు చెప్పింది.

యాభై ఏళ్ళలో మొదటిసారి ఆమె నోట ఆ పేరు విన్నాను. చెప్పాక నాలిక కరుచుకుని, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అక్కడ ఏడవలేదు. పొట్లం పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఏడ్చాను.

మర్నాడు పొద్దున రిసీవర్ వేసి ఫిల్టర్ మొత్తం తెరిచాను. లిఫ్టు మోటార్లు, ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ దీపాలు, ఇప్పటి గల్లీ చప్పుడు అప్పటికి పదింతలుంది. అదంతా గదిలోకి వచ్చింది. గంటసేపు బిగించకుండా విన్నాను. తర్వాత పుస్తకం తెరిచి ఆమె చెప్పిన పేరు రాశాను. దాని పక్కన అత్తమ్మ రాసే ఆ ఆరక్షరాల మాటే రాశాను.